బాక్సింగ్‌లో నేర్పిన రూల్ ఎప్పుడు తప్పొచ్చు: గార్డ్ దించడం నుంచి రోప్స్‌కి ఆనుకోవడం దాకా

1936 జూన్ 19న న్యూయార్క్‌లోని యాంకీ స్టేడియంలో మాక్స్ ష్మెలింగ్ చేతిలో జో లూయీ పన్నెండో రౌండులో నాకౌట్ అయ్యాడు. ప్రొఫెషనల్‌గా లూయీకి అదే మొదటి ఓటమి. ష్మెలింగ్ ముందే లూయీ ఫైట్లు చూసి ఒక్క సంగతి పట్టుకున్నాడు: జాబ్ (ముందున్న చేత్తో వేసే నేరు పంచ్) వేశాక లూయీ ఎడమ చెయ్యి నేరుగా గడ్డం దగ్గరికి రాకుండా కిందికి జారుతోంది. ఇక ఆ రాత్రంతా ఆ ఖాళీలోకి కుడి చెయ్యి వేస్తూనే ఉన్నాడు.

ముప్పై ఏళ్ల తర్వాత ముహమ్మద్ అలీ రెండు చేతులూ నడుం దగ్గర వదిలేసి రింగంతా తిరిగేవాడు, హెవీవెయిట్లు అతని మొహాన్ని అందుకోలేకపోయేవారు. ఇద్దరిదీ దించిన చెయ్యే. అయితే లూయీకి తన చెయ్యి దిగుతోందని తెలియదు. అలీకి తెలుసు, పైగా ఆ చెయ్యి చేయాల్సిన పనిని అతని కాళ్లూ కళ్లూ చేస్తున్నాయి. ఈ వ్యాసం మొత్తం ఈ తేడా గురించే. ఏ రూల్ ఏ ప్రమాదాన్ని ఆపడానికి పుట్టిందో, ఆ ప్రమాదం ఇప్పుడు మీ ముందు ఉందో లేదో, ఉంటే దాన్ని ఇంకేది కాస్తోందో చెప్పగలిగితేనే ఆ రూల్ తప్పండి.

ఇది కనీసం ఏడాదికి పైగా క్రమం తప్పకుండా జిమ్‌కి వెళ్తూ, స్పారింగ్ (జోడీతో ప్రాక్టీస్ ఫైట్) చేస్తున్నవాళ్ల కోసం రాస్తున్నాను. నేర్చుకోవడం మొదలుపెట్టి నాలుగైదు నెలలే అయితే చదవండి, వీడియోలు చూడండి, కానీ రింగ్‌లో ప్రయత్నించకండి. రూల్ ఇంకా ఒంటికి పట్టకముందే తప్పడం మొదలుపెడితే తర్వాత దాన్ని సరిచేయడానికి మీ కోచ్‌కి రెట్టింపు కాలం పడుతుంది.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. రిఫరీ రూల్స్ వేరు, కోచ్ రూల్స్ వేరు. బెల్టు కిందికి తల దించడం, తెరిచిన గ్లవ్‌తో కొట్టడం, పట్టుకుని కొట్టడం, వీపు తిప్పడం, ఇవన్నీ ఫౌల్స్. పెర్నెల్ విటేకర్ దాదాపు మోకాళ్ల దాకా వంగి పంచ్ తప్పించుకున్న వీడియోలు చూడటానికి చాలా బాగుంటాయి, కానీ మన స్టేట్ మీట్‌లో అదే చేస్తే రిఫరీ హెచ్చరిస్తాడు, మళ్లీ చేస్తే పాయింట్ పోతుంది. కింద రాసినవన్నీ కోచ్ చెప్పే పద్ధతుల గురించి మాత్రమే.

మొదటి అడుగు: ప్రతి రూల్ పక్కన దాని కారణం రాయండి

ఒక నోట్‌బుక్ తీసుకోండి. మీ కోచ్ సార్ రోజూ అరిచే మాటలన్నీ ఒక వైపు రాయండి. "చేతులు పైకి." "జాబ్‌తో మొదలుపెట్టు." "కాళ్లు కత్తెర వేయకు." "తల వెనక్కి లాక్కోకు." "రోప్స్ మీదికి పోకు." "దూరం నుంచి అప్పర్‌కట్ వేయకు." ప్రతి మాట పక్కన, అది ఏ దెబ్బను ఆపుతోందో ఒక్క వాక్యంలో రాయండి.

చేతులు పైకెందుకు? కంటికి కనిపించినదానికి చెయ్యి స్పందించడానికి మామూలు మనిషికి సుమారు 0.2 సెకన్లు పడుతుంది. దగ్గర నుంచి వచ్చే పంచ్‌కి అంత సమయం ఉండదు, అందుకే చెయ్యి ముందే అక్కడ ఉండాలి. కాళ్లు కత్తెర ఎందుకు వేయకూడదు? రెండు పాదాలూ ఒకే గీత మీదికి వచ్చిన ఆ క్షణంలో తేలికపాటి జాబ్ తగిలినా పడిపోతాం, పడితే రిఫరీ ఎనిమిది లెక్కపెడతాడు. తల నిటారుగా వెనక్కి ఎందుకు లాగకూడదు? మొదటి పంచ్ తప్పుతుంది, రెండోది వచ్చేసరికి బరువంతా మడమల మీద ఉంటుంది, ఇంక వెనక్కి పోవడానికి చోటుండదు.

ఏ రూల్‌కైనా కారణం రాయలేకపోతే మరుసటి రోజు కోచ్‌ని అడగండి. మంచి కోచ్ ఈ ప్రశ్నకి సంతోషిస్తాడు. కారణం తెలియని రూల్‌ని మాత్రం అస్సలు ముట్టుకోకండి.

రెండో అడుగు: అది మీ ఎంపికా, అలవాటా?

మూడు రౌండ్ల స్పారింగ్ మొత్తం ఫోన్‌లో తీయించుకోండి. రింగ్ మూల నుంచి, కాస్త ఎత్తులోంచి తీస్తే పాదాలు కూడా కనిపిస్తాయి. ఇంటికెళ్లాక శబ్దం ఆపేసి చూడండి. మీరు వేసిన ప్రతి జాబ్‌నీ లెక్కపెట్టండి, చెయ్యి వెళ్లిన దారినే చెంప దగ్గరికి తిరిగి వచ్చినవి ఎన్నో పక్కన రాయండి. పదికి తొమ్మిదిసార్లు వస్తోంటే, అదీ మూడో రౌండులో ఊపిరి ఆడనప్పుడు కూడా వస్తోంటే, మీరు చెయ్యి దించడం గురించి ఆలోచించవచ్చు. పదికి ఆరే వస్తోంటే మీరు ఇప్పటికే రూల్ తప్పుతున్నారు, మీకు తెలియకుండా.

నేను విశాఖలో ప్రాక్టీస్ చేసే రోజుల్లో మా జిమ్‌లో ఒక సీనియర్ ఉండేవాడు, మంచి వేగం, ఎడమ చెయ్యి ఎప్పుడూ తొడ దగ్గరే. అడిగితే అది తన స్టైల్ అనేవాడు. ఒకరోజు సార్ అతన్ని ఒక రౌండు మొత్తం చెయ్యి పైన పెట్టి ఆడమన్నాడు. ఒక నిమిషం తిరక్కుండానే భుజం లాగేసి చెయ్యి దానంతట అదే కిందికొచ్చేసింది. అప్పుడు మా అందరికీ అర్థమైంది, అతనికి ఆ చెయ్యి పైన పెట్టే ఓపిక లేదని. ఈ పరీక్ష మీరూ చేసుకోండి. రూల్ ప్రకారం మూడు రౌండ్లు ఆడగలిగినవాడికే దాన్ని తప్పే స్వేచ్ఛ ఉంటుంది, మిగతావాళ్లకి అది బలహీనత.

అలీకి కూడా ఇలాంటి అలవాటు ఒకటి ఉండేది. కుడి అప్పర్‌కట్ (కింద నుంచి పైకి వేసే పంచ్) వేసే ముందు ఆ చెయ్యి కిందికి దిగేది. జో ఫ్రేజియర్ శిబిరంలోని ఎడ్డీ ఫచ్ దాన్ని కనిపెట్టాడు. 1971 మార్చి 8న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పదిహేనో రౌండులో అలీని కింద పడేసిన ఫ్రేజియర్ ఎడమ హుక్ (పక్క నుంచి వంపు తిరిగి వచ్చే పంచ్) వచ్చింది ఆ ఖాళీలోకే. దూరంలో ఉండి ఏళ్ల తరబడి చేతులు దించి ఆడినవాడికి, దగ్గరలో ఉన్నప్పుడు తెలియకుండా దించిన ఒక్క చెయ్యి అంత ఖరీదైంది.

మూడో అడుగు: ఒక్కటి ఎంచుకోండి

ఒకేసారి రెండు రూల్స్ మార్చకండి. కింద ఉన్నవాటిలో మీ ఒడ్డూ పొడుగూ, మీ వేగం, మీ స్వభావానికి సరిపోయేది ఒకటి చూసుకోండి.

*ముందు చెయ్యి దించడం.* అందరూ ముందు దీన్నే కోరుకుంటారు, ఎక్కువమంది దెబ్బతినేదీ దీంతోనే. నా సలహా ఏంటంటే రెండు చేతులూ దించకండి. ముందు చెయ్యి మాత్రమే నడుం దాకా దిగాలి, వెనక చెయ్యి చెంపకి అంటుకుని ఉండాలి, ముందు భుజం గడ్డాన్ని కప్పేంత పైకి లేవాలి. లాభం ఏంటంటే కింద నుంచి వచ్చే జాబ్ ఎదుటివాడి చూపు గీత కింద నుంచి వస్తుంది, అతనికి ఆలస్యంగా కనిపిస్తుంది. భుజం బిగుసుకోదు. మీ తల ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి అతను బాడీ వదిలేసి తలకే వేస్తాడు, అంటే ఏది వస్తుందో మీకు ముందే సగం తెలుసు.

ఇది ఎప్పుడు చెల్లుతుంది అంటే, అతను ముందడుగు వేయకుండా మిమ్మల్ని అందుకోలేనంత దూరంలో ఉన్నప్పుడు మాత్రమే. అతని ముందు పాదం కదిలిందంటే మీ చెయ్యి పైకి రావాలి, లేదా మీ కాళ్లు అక్కడి నుంచి తప్పుకోవాలి. ఈ రెండిట్లో ఏదీ జరగకపోతే పంచ్ తగులుతుంది, అంతే. డెట్రాయిట్‌లోని క్రాంక్ జిమ్‌లో ఎమాన్యుయేల్ స్టీవర్డ్ దగ్గర పెరిగిన థామస్ హెర్న్స్ ఎడమ చెయ్యి కింద పెట్టి కొరడాలా జాబ్ విసిరేవాడు. అతని ఎత్తు 6 అడుగుల 1 అంగుళం, రీచ్ (చేతులు చాపితే వచ్చే పొడవు) 78 అంగుళాలు, చాలాకాలం ఆడింది వెల్టర్ వెయిట్, ఆ చుట్టుపక్కల వెయిట్లలో. అంటే ఎదురుగా ఉన్నవాళ్లకంటే అతని చెయ్యి ఎప్పుడూ పొడుగే, ఆ పొడుగే అతని గార్డ్. మీ వెయిట్‌లో మీరు పొట్టివాళ్లైతే హెర్న్స్‌ని చూసి నేర్చుకోకండి, అది మీ కోసం కాదు.

రాయ్ జోన్స్ జూనియర్ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. 2002లో గ్లెన్ కెల్లీ మీద రెండు చేతులూ వీపు వెనక పెట్టుకుని, అక్కడి నుంచే కుడి చేత్తో కొట్టి పడేశాడు. ఆ క్లిప్ అందరి ఫోన్లలోనూ తిరుగుతుంది. 2004 మేలో ఆంటోనియో టార్వర్ అతన్ని రెండో రౌండులోనే నాకౌట్ చేశాడు, అదే ఏడాది సెప్టెంబర్‌లో గ్లెన్ జాన్సన్ తొమ్మిదో రౌండులో పడేశాడు, ఆ క్లిప్పులు అంతగా తిరగవు. అప్పటికి జోన్స్‌కి 35 ఏళ్లు. గార్డ్ స్థానంలో అతను పెట్టుకున్నది వేగం. వేగం కాస్త తగ్గేసరికి దాని వెనక ఇంకేమీ లేదు. మీరు గార్డ్ బదులు దేన్ని పెడుతున్నారో చూసుకోండి: దూరం పెడితే చాలాకాలం నిలుస్తుంది, రిఫ్లెక్స్ పెడితే నిద్ర చాలని ఒక్క రోజు చాలు అది పోవడానికి.

*జాబ్ లేకుండా కుడి చెయ్యి వేయడం.* నన్నడిగితే అమెచ్యూర్లకి అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఇదే. 1974 అక్టోబర్ 30న కిన్షాసాలో జార్జ్ ఫోర్‌మన్‌తో ఫైట్‌లో అలీ రోప్స్ మీద వాలిన సంగతే అందరికీ గుర్తు, మొదటి రౌండు ఎవరూ మళ్లీ చూడరు. ఆ రౌండులో అలీ జాబ్ దారి చూపకుండానే నేరుగా కుడి చెయ్యి వేస్తూ పోయాడు. వెనక చెయ్యి ఎక్కువ దూరం ప్రయాణించాలి, ఎదుటివాడికి ముందే కనిపిస్తుంది, అందుకే ఆ స్థాయిలో ఎవరూ అలా మొదలుపెట్టరు. అప్పటికి నలభైకి నలభై గెలిచిన ఫోర్‌మన్ కూడా అది ఊహించలేదు.

మీరు వేయాలంటే ముందు ఎదుటివాడిని చదవాలి. ఊరికే భుజం కదిపి జాబ్ వేస్తున్నట్టు నటించండి. అతని కుడి చెయ్యి దాన్ని కొట్టేయడానికి ముందుకొస్తే, లేదా అతను ముందు చెయ్యి కింద పెట్టి మీ జాబ్ కోసం కాచుకుని ఉంటే, దారి తెరిచినట్టే. రెండుసార్లు నిజం జాబ్ వేయండి, మూడోసారి అదే భుజం కదలిక, కానీ వచ్చేది కుడి చెయ్యి. వేస్తూ ముందు పాదం కొంచెం ఎడమ పక్కకి పెట్టండి, తల మధ్య గీత నుంచి తప్పుకుంటుంది. వేసి అక్కడే నిలబడకండి: వెంటనే ఎడమ హుక్, లేదా అతని భుజానికి అతుక్కుపోవడం, లేదా పక్కకి తప్పుకోవడం, మూడిట్లో ఒకటి ముందే నిర్ణయించుకుని ఉండాలి, ఎందుకంటే కుడి చెయ్యి వేసిన ఆ క్షణంలో అతని ఎడమ హుక్‌కి మీ గడ్డం తెరిచి ఉంటుంది. రౌండుకి రెండుసార్లు చాలు. అయిదోసారి వేశారంటే అతను దాని కోసమే ఎదురుచూస్తుంటాడు.

(ఎదుటివాడు సౌత్‌పా, అంటే కుడి చెయ్యి ముందు పెట్టి ఆడేవాడు, అయితే ఇది రూల్ తప్పడం కానే కాదు. అక్కడ మీ వెనక చెయ్యే మీ మొదటి ఆయుధం, దాన్ని మామూలుగానే నేర్చుకోవాలి.)

*తల వెనక్కి లాగడం.* ఒంటరి జాబ్‌కి మాత్రమే. ఫ్లాయిడ్ మేవెదర్ జాబ్ నుంచి అంగుళాల్లో తల లాగి, అది వెనక్కి పోయే దారిలోనే కుడి చేత్తో సమాధానం చెప్పేవాడు. అందులో రహస్యం తల దగ్గర లేదు, వెనక కాలి దగ్గర ఉంది. వెనక మోకాలు కాస్త వంగి ఉండాలి, తల వెనక తుంటి పైకి వచ్చి ఆగాలి, మడమ దాటి పోకూడదు. అలా ఆగితే బరువు స్ప్రింగులా నిండుతుంది, కుడి చెయ్యి దానంతట అదే వస్తుంది. మడమ దాటితే మీరు పడిపోతున్న మనిషి, అంతకుమించి ఏమీ కాదు. ఎదుటివాడు జాబ్ వెనక జాబ్, దాని వెనక క్రాస్ (వెనక చేత్తో వేసే నేరు పంచ్) వేసే రకమైతే ఈ పద్ధతి ఆ బౌట్‌కి పక్కన పెట్టేయండి, పక్కకి అడుగేయండి. వీపు వెనక రోప్స్ ఉన్నప్పుడు అసలే వద్దు, లాగడానికి చోటు లేదు.

*కాళ్లు దాటించడం.* 1897 మార్చి 17న నెవాడాలోని కార్సన్ సిటీలో బాబ్ ఫిట్జ్‌సిమన్స్ పద్నాలుగో రౌండులో జేమ్స్ కార్బెట్‌ని పొట్ట పైభాగంలో ఎడమ చేత్తో కొట్టి ప్రపంచ హెవీవెయిట్ టైటిల్ గెలిచాడు. కుడి చెయ్యి వేస్తూ కుడి కాలిని ముందుకి తెచ్చేశాడు, దాంతో ఎడమ చెయ్యి వెనక చెయ్యి అయిపోయి, ఒళ్లంతా తిరిగిన బలంతో వెళ్లింది. దీన్ని షిఫ్ట్ అంటారు. ఎదుటివాడు నిటారుగా వెనక్కి పోతున్నప్పుడు మాత్రమే ఇది చెల్లుతుంది, ఎందుకంటే మామూలు అడుగుతో అందనివాడు ఈ అడుగుతో అందుతాడు. అతను మీ మీదికి వస్తుంటే కాలు దాటుతున్న మధ్యలో మీ ఛాతీ అంతా అతని ఎదురుగా ఉంటుంది.

స్టాన్స్ (నిలబడే తీరు) మార్చడం కూడా దీనికి దగ్గర సంగతే. టెరెన్స్ క్రాఫర్డ్ రెండు వైపులా సమానంగా ఆడేవాడు, అది చిన్నప్పటి నుంచి చేసిన సాధన. మార్విన్ హాగ్లర్ కూడా రెండు వైపులా ఆడగలిగేవాడు, అయినా 1987 ఏప్రిల్ 6న షుగర్ రే లెనార్డ్ మీద తనకి బాగా అలవాటైన సౌత్‌పా వదిలి ఆర్థడాక్స్‌గా (ఎడమ చెయ్యి ముందు పెట్టి) మొదలుపెట్టాడు, మొదటి రౌండ్లు పోగొట్టుకున్నాడు, చివరికి స్ప్లిట్ డెసిషన్‌తో (జడ్జీలు రెండుగా చీలిన తీర్పుతో) ఓడిపోయాడు. పన్నెండు రౌండ్ల బౌట్‌లోనే అవి తిరిగి రాలేదు. మనవాళ్లు ఆడేవి మూడు రౌండ్లు.

*రోప్స్‌కి ఆనుకోవడం.* మళ్లీ కిన్షాసా. అలీ రోప్స్‌కి ఆనుకుని, మోచేతులు దగ్గర పెట్టుకుని, ఫోర్‌మన్‌ని కొట్టనిచ్చి అలిసిపోయాక ఎనిమిదో రౌండులో పడేశాడు. ఆ రాత్రి రోప్స్ వదులుగా ఉన్నాయి, వెనక్కి వాలితే తల అందనంత దూరం పోయేది. వేడి ఎక్కువ. బౌట్ పదిహేను రౌండ్లది, ఎదుటివాడు ఎక్కువ రౌండ్లు ఆడే అలవాటు లేనివాడు. ఇన్ని కలిస్తే ఆ నిర్ణయం పనిచేసింది. దాని ఖరీదు గురించి కూడా మాట్లాడాలి: అన్నేళ్లపాటు, ప్రాక్టీస్‌లో కూడా, అన్ని దెబ్బలు తిన్న మనిషికి 1984లో పార్కిన్సన్స్ ఉందని తేలింది. దెబ్బలు తిని ఎదుటివాణ్ని అలిసిపోయేలా చేయడాన్ని నేను ఎవరికీ నేర్పను, ఎవర్నీ నేర్చుకోమనను.

అమెచ్యూర్‌లో అయితే లెక్కల్లో కూడా కుదరదు. మూడు మూడు నిమిషాల మూడు రౌండ్లు, ప్రతి రౌండుకీ జడ్జీలు 10 పాయింట్ల పద్ధతిలో మార్కులు వేస్తారు, తిరిగి కొట్టకుండా కప్పుకుని ఉంటే రిఫరీ ఆపి ఎనిమిది లెక్కపెట్టొచ్చు. చేయగలిగింది ఒక్కటే: వీపు రోప్స్‌కి తగిలేలా ఒక్క క్షణం ఆగి, అతను పెద్ద కుడి చెయ్యి వేయగానే దాని కిందుగా దొర్లి, ముందు పాదం మీద తిరిగి అతన్నే రోప్స్ వైపుకి పెట్టడం. రెండు మూడు పంచ్‌లలోపు మీరు బయటికి రావాలి.

నాలుగో అడుగు: ఆరు వారాల సాధన

మొదటి వారం షాడో (ఎదురుగా ఎవరూ లేకుండా గాలిలో పంచ్‌లు వేయడం) మాత్రమే, అద్దం ముందు. మూడు రౌండ్లు పూర్తిగా రూల్ ప్రకారం, తర్వాత ఒక రౌండు కొత్త పద్ధతి, మళ్లీ ఒక రౌండు రూల్ ప్రకారం. చివరి రౌండు ముఖ్యం, వదిలేయకండి, తిరిగి మామూలు స్టాన్స్‌లోకి రావడం కూడా సాధన చేయాల్సిందే.

రెండో వారం బ్యాగ్. దీని మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోకండి. బ్యాగ్ తిరిగి కొట్టదు కాబట్టి దాని ముందు ఎవరు చేతులు దించినా గొప్పగానే కనిపిస్తుంది. బ్యాలెన్స్ చూసుకోవడానికి మాత్రం వాడండి, షిఫ్ట్ ఎంచుకున్నవాళ్లకి చాలా ఉపయోగం.

మూడో వారం ప్యాడ్స్. కోచ్‌ని ముందే అడగండి, చెప్పకుండా కొత్తవి చేస్తే ఆయనకి కోపం రావడంలో న్యాయం ఉంది. ప్యాడ్ పట్టేవాళ్లు ప్రతి కాంబినేషన్ తర్వాత మీ తల వైపుకి మెల్లగా ఒకటి విసరాలి, మీరు ఖాళీ వదిలిన చోటికే.

నాలుగో, అయిదో వారాలు షరతులతో స్పారింగ్. అసలు పని ఇక్కడే జరుగుతుంది. ముందు చెయ్యి దించడం ఎంచుకుంటే భాగస్వామి జాబ్ మాత్రమే వేస్తాడు, మూడో వంతు వేగంతో. మూడు సెషన్ల తర్వాత జాబ్, క్రాస్. తర్వాత హుక్ కూడా. కుడి చేత్తో మొదలుపెట్టడం ఎంచుకుంటే అతనికి ఎడమ హుక్‌తో జవాబు చెప్పే హక్కు ఇవ్వండి, అప్పుడే మీకు బయటికి వచ్చే దారి అలవాటవుతుంది. ఇద్దరికీ 16 ఔన్సుల గ్లవ్స్, హెడ్‌గార్డ్, మౌత్‌గార్డ్ తప్పనిసరి, ఇందులో మాత్రం మినహాయింపు లేదు. తల తిరిగినా, నొప్పి వచ్చినా, చూపు మసకబారినా ఆ రోజుకి ఆపేసి డాక్టర్‌కి చూపించుకోండి, డాక్టర్ సరే అనేదాకా స్పారింగ్ జోలికి పోకండి.

ఆరో వారం మామూలు స్పారింగ్, మళ్లీ వీడియో. ఈసారి మూడు లెక్కలు: ఎన్నిసార్లు ప్రయత్నించారు, ఎన్నిసార్లు మీ పంచ్ తగిలింది, ఎన్నిసార్లు మీకు తగిలింది. మీకు తగిలినవి ఎక్కువైతే మళ్లీ నాలుగో వారం. అందులో టెన్షన్ పడాల్సిందేమీ లేదు, నాకు తెలిసినవాళ్లలో ఎక్కువమంది ఒకసారైనా వెనక్కి వెళ్లినవాళ్లే.

ఈ ఆరు వారాల్లో రోజూ ఒక బౌట్ వీడియో చూడండి. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022 ఇస్తాంబుల్, 2023 ఢిల్లీ ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్స్ రెండూ 5-0తో గెలిచింది, వాటితో మొదలుపెట్టండి. గెలుపోటములు పక్కన పెట్టి ముందు చెయ్యి ఎంత దూరంలో ఉన్నప్పుడు ఎక్కడుందో మాత్రమే చూసి రాసుకోండి. వీడియో ఆపుతూ, వెనక్కి తిప్పుతూ చూస్తే ఒక్క రౌండుకే అరగంట పడుతుంది, ఆ అరగంట వృథా కాదు.

అయిదో అడుగు: బౌట్‌లో

మొదటి రౌండు మొదటి నిమిషం ఏదీ తప్పకండి. ఆ నిమిషం చూడటానికే. ఫెయింట్‌కి (పంచ్ వేస్తున్నట్టు చేసే నటనకి) ఎలా కదులుతున్నాడు, జాబ్ తర్వాత రెండోది వేస్తున్నాడా, ఒత్తిడి పెడితే ఏ పక్కకి పోతున్నాడు? ఈ మూడిటికి జవాబు దొరికితేనే మీరు సిద్ధం చేసుకున్నదాన్ని బయటికి తీయండి. దొరక్కపోతే మామూలుగానే ఆడండి, సిద్ధం చేసుకున్నాం కదా అని వాడి తీరాలని లేదు.

ప్రయత్నించే చోటు రింగ్ మధ్య. సమయం మీ ఊపిరి బాగున్నప్పుడు. రెండుసార్లు ప్రయత్నిస్తే రెండుసార్లూ తగిలించుకున్నారంటే అతను మిమ్మల్ని చదివేశాడు, ఆ బౌట్‌కి అది ముగిసింది. మూడో రౌండులో వెనకబడి ఉన్నప్పుడు ఆవేశంగా ఏదో ఒకటి చేద్దామనిపిస్తుంది, అది చాలా ప్రమాదకరమైన క్షణం. 2012 డిసెంబర్ 8న లాస్ వేగస్‌లో మానీ పాకియావ్ ఆరో రౌండు ఆఖరి క్షణాల్లో లోపలికి దూకాడు, హువాన్ మాన్యుయెల్ మార్కెజ్ కుడి చెయ్యి ఎదురొచ్చింది, పాకియావ్ మొహం మీద బోర్లా పడి లేవలేదు. అతను ఆ రౌండులో వెనకబడి కూడా లేడు. అలా దూకి పంచ్ వేయడమే అతన్ని అంతవాణ్ని చేసింది, కానీ అప్పటికి వాళ్లిద్దరికీ అది నాలుగో బౌట్, ఆ దూకుడు ఎప్పుడు వస్తుందో మార్కెజ్‌కి బాగా తెలిసిపోయింది.

జడ్జీల కళ్లతో కూడా ఆలోచించండి. వాళ్లు చూసేది లక్ష్యానికి శుభ్రంగా తగిలిన పంచ్‌లు, బౌట్‌ని ఎవరు నడిపిస్తున్నారు, ఎవరు పోటీ ఇస్తున్నారు అనేవి. చేతులు దించి నవ్వితే పాయింట్ రాదు. పైగా గార్డ్ లేనప్పుడు భుజానికి రాసుకుపోయిన పంచ్ కూడా పక్క నుంచి చూసేవాళ్లకి మొహానికి తగిలినట్టే కనిపించవచ్చు.

కార్నర్‌లో ఉన్న కోచ్‌తో ముందే ఒక మాట అనుకోండి, రెండక్షరాలదైతే గోలలో కూడా వినపడుతుంది. "ఇల్లు" అనుకోండి. ఆ మాట వినపడగానే ఇంకేమీ ఆలోచించకుండా చేతులు పైకి, గడ్డం కిందికి, జాబ్. స్పారింగ్‌లో కూడా ఆ మాట వాడి అలవాటు చేసుకోండి, బౌట్ రోజున కొత్తగా వింటే పట్టదు.

ఏ పరిస్థితిలోనూ తప్పకూడనివి

గడ్డం ఎప్పుడూ కిందికే. కళ్లు ఎప్పుడూ ఎదుటివాడి మీదే, పంచ్ వస్తున్నప్పుడు కూడా మూయకూడదు. నోరు మూసి, మౌత్‌గార్డ్ కొరికిపట్టి ఉండాలి, తెరిచిన దవడకి తగిలితే విరిగే అవకాశం ఎక్కువ. అలిసిపోతే అన్ని ప్రయోగాలూ ఆపేయాలి. రిఫరీ మధ్యలోకి వచ్చి "స్టాప్" అనేదాకా బౌట్ ఆగిందనుకుని చేతులు వదిలేయకూడదు. వీటి స్థానంలో పెట్టడానికి మీ దగ్గర వేరే ఏదీ లేదు, అందుకే ఇవి ఆ నోట్‌బుక్‌లో వేరే పేజీలో రాయండి.

బౌట్ అయిపోయిన రాత్రే, వీడియో చూడకముందే, ఎప్పుడు తప్పారో, ఆ క్షణంలో ఏం చూసి తప్పారో గుర్తున్నంతవరకు రాయండి. మరుసటి రోజు వీడియోతో పోల్చండి. మీరు రాసినవి మూడు ఉండి, వీడియోలో ఏడు కనిపిస్తే, ఆ మిగిలిన నాలుగూ మీకు తెలియకుండా జరిగినవి. సోమవారం జిమ్‌కి వెళ్లగానే ముందు వాటి మీద పనిచేయండి.